డీవీడీ ష్రింక్ 3.2: పెళ్లి డిస్కుల పనికి ఇంకా అక్కరకొస్తుందా?

డీవీడీ ష్రింక్ అనేది డీవీడీలోని వీడియోను చిన్న డిస్కులో పట్టేలా కుదించే ప్రోగ్రాము. దీనికి పడే తిట్లలో సగానికి పైగా దీనికి పడాల్సినవి కావు. డిస్కు మీద గీతలుంటే డిస్కును తిట్టాలి. స్టూడియోలో ఆథరింగ్ (వీడియోను డీవీడీ రూపంలోకి కట్టే పని) హడావుడిగా కానిచ్చేస్తే స్టూడియోను తిట్టాలి. హార్డ్ డిస్కులో చోటు లేకపోతే మనల్ని మనమే తిట్టుకోవాలి. కానీ ఎర్రర్ బాక్సు నెత్తిన రాసి ఉండేది ష్రింక్ పేరే కాబట్టి పాపమంతా దాని ఖాతాలో పడుతుంది. ఈ రివ్యూలో ఆ ఖాతాను కాస్త విడగొట్టి చూద్దాం. ఏ ఎర్రర్ ఎక్కడ పుడుతుంది, దేన్ని ఎలా దాటాలి, ఏది ఈ సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు అన్నదే ఇక్కడి లెక్క.

3.2.0.15 అనేది దీని ఆఖరి వెర్షన్. 2004 నాటిది, ఆ తర్వాత కొత్తది రాలేదు. ఎప్పుడూ ఉచితమే. డబ్బు కట్టమని అడిగే సైటు ఏదైనా కనిపిస్తే అక్కడి నుంచి దించుకోకండి. విండోస్ 10, 11లో కూడా నడుస్తుంది. మొరాయిస్తే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 పెట్టండి.

హైదరాబాద్ ఇళ్లలో దీనితో పడే పని ఏమిటో అందరికీ తెలిసిందే. పెళ్లి ఆల్బమ్ అట్ట జేబులో ఉన్న రెండు పొరల డిస్కును మామూలు 4.7 జీబీ డిస్కులోకి కుదించాలి. లేదా పెళ్లిదొకటి, రిసెప్షన్‌దొకటి ఉన్న రెండు డిస్కుల్ని ఒక్కటి చేయాలి. రవీంద్రభారతిలో అమ్మాయి అరంగేట్రం చేసిన డిస్కులో మొదటి ముప్పావు గంట ఉపన్యాసాలు కోసేయాలి. ఇలాంటి సొంత డిస్కుల గురించే ఇక్కడి మాటలన్నీ. కొన్న సినిమా డిస్కుల తాళాలు తీయడం సంగతి వేరు, 2012 సవరణలో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్ దాని గురించే. మనకు దానితో పని లేదు.

కుదింపు ఎలా జరుగుతుందంటే

ష్రింక్ వీడియోను పూర్తిగా విప్పి మళ్లీ కట్టదు. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2. ప్రతి ఫ్రేమూ 8 బై 8 చుక్కల గళ్లుగా కోసి ఉంటుంది, ఒక్కో గడికి కొన్ని అంకెలు. ష్రింక్ ఆ అంకెల్ని ఇంకాస్త ముతకగా సవరించి, చిన్నవాటిని సున్నా చేసేస్తుంది. ఎటు కదిలిందో చెప్పే సమాచారం జోలికి పోదు. అందుకే దీనికి అంత వేగం. అందుకే ఒక హద్దు దాటాక బొమ్మ పగిలిపోతుంది కూడా.

ఆ హద్దు ఎక్కడుందో చూడ్డానికి తలంబ్రాల సీను చాలు. వందలకొద్దీ పసుపు గింజలు గాల్లో, ఒక్కోటి ఒక్కో దిక్కుకి, మధ్యలో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్. ఎంపెగ్-2కి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు. అసలు సైజులో 85 శాతానికి కుదిస్తే ఆ గింజలు గింజల్లాగే ఉంటాయి. 70 దగ్గర వధువు చెంప పక్కన చిన్న చిన్న గళ్లు మొదలవుతాయి. 60 దిగితే గింజలన్నీ కలిసి పసుపు మురికిలా కనిపిస్తాయి, పట్టుచీర జరీ అంచు పాకుతున్నట్టుంటుంది. హోమం పొగ కూడా అంతే, మెట్లు మెట్లుగా విడిపోతుంది. కాబట్టి మొత్తం డిస్కు కుదించాక మొదట చూడాల్సింది ఆ చాప్టరే. అది బాగుంటే మిగతా మూడు గంటలూ బాగున్నట్టే.

70కి దిగాల్సి వస్తే, బ్యాకప్ బటన్ నొక్కాక వచ్చే డబ్బాలో క్వాలిటీ సెట్టింగ్స్ అనే ట్యాబ్ తెరవండి. డీప్ అనాలిసిస్ టిక్ పెట్టండి. ముందొకసారి డిస్కంతా చదివి ఎక్కడ బరువు ఎక్కువుందో రాసుకుని, రెండోసారి కుదిస్తుంది. సమయం దాదాపు రెట్టింపవుతుంది, అయినా పెట్టాల్సిందే. దాని కింద అడాప్టివ్ ఎర్రర్ కాంపెన్సేషన్ అని ఉంటుంది, అందులో షార్ప్, స్మూత్ రకాలున్నాయి. పెళ్లి వీడియోకి షార్ప్ పెడితే మొహాల మీద గరుకు పెరుగుతుంది, స్మూత్ నయం.

ఎవరూ చూడని ఆడియో లెక్క

ఈ రివ్యూలో ఒక్క పేరా చదివి వదిలేసేవాళ్లు ఇది చదవండి. మన స్టూడియోల పెళ్లి డిస్కుల్లో చాలావాటిలో ఆడియో ఎల్‌పీసీఎంలో ఉంటుంది, అంటే అసలు కుదించని శబ్దం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తే అలా వదిలేస్తారు. అది 1,536 కేబీపీఎస్, గంటకు 691 ఎంబీ. అదే ఏసీ3 అనే కుదించిన రకంలో 192 కేబీపీఎస్ అయితే గంటకు 86 ఎంబీ. సన్నాయి మేళానికీ, పంతులుగారి మంత్రాలకీ, వెనక వేసిన సినిమా పాటలకీ 192 ధారాళంగా సరిపోతుంది.

ష్రింక్ ఆడియోను ఉంచగలదు, తీసేయగలదు, కుదించలేదు. దాంతో ఏమవుతుందో చూడండి. రెండు గంటల వీడియో, 7 ఎంబీపీఎస్. వీడియో ఒక్కటే 6,300 ఎంబీ, ఎల్‌పీసీఎం ఆడియో 1,382. ఖాళీ డిస్కులో వాడుకునేది 4,600 అనుకుందాం. ఆడియో పోగా వీడియోకి మిగిలేది 3,218, అంటే 51 శాతం. తలంబ్రాలు మురికైపోయినట్టే. ముందే ఆడియోను ఏసీ3 చేసుకుంటే శబ్దానికి 173 పోయి వీడియోకి 4,427 మిగులుతుంది, అంటే 70 శాతం. అదే డిస్కు, అదే సాఫ్ట్‌వేర్. "ష్రింక్‌తో క్వాలిటీ పోయింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉండేది ఈ 1,200 ఎంబీయే.

మార్చడానికి తేలిక దారి డీవీడీస్టైలర్ అనే ఆథరింగ్ ప్రోగ్రాము. డిస్కులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు లాగి పడేసి, టైటిల్ ప్రాపర్టీస్‌లో వీడియోకి కాపీ అనీ, ఆడియోకి ఏసీ3 అనీ ఎంచుకుని, డిస్కు సైజు 8.5 జీబీ పెట్టి, డిస్కు మీద రాయకుండా ఫోల్డర్‌గా తయారుచేయించుకోవాలి. ఆ ఫోల్డర్‌ను ష్రింక్‌లో తెరవాలి. వీడియోకి కాపీ పెట్టడం మరిచిపోతే అది వీడియోను కూడా మళ్లీ ఎన్‌కోడ్ చేసి రెండుసార్లు నష్టం తెస్తుంది. అయ్యాక గట్టిమేళం దగ్గర ఆపి చూసుకోండి. డోలు మీద పుల్ల పడ్డ క్షణమే శబ్దం రావాలి. అది తప్పితే ఆడియో జరిగిందన్నమాట.

మీ డిస్కులో ఏ ఆడియో ఉందో ష్రింక్‌లో టైటిల్ మీద నొక్కితే కుడివైపు కనిపిస్తుంది. ఏసీ3 అని ఉంటే ఈ తంతు అక్కర్లేదు.

అసలు తెరుచుకోని డిస్కులు

ష్రింక్ కావాలనేది వీడియో టీఎస్ అనే ఫోల్డర్. అది లేకపోతే మొహం తిప్పేసుకుంటుంది. డిస్కు తెరిచి చూడండి. ఎంపెగ్ఏవీ అనే ఫోల్డరూ, అందులో డీఏటీ (.DAT) ఫైళ్లూ ఉంటే అది డీవీడీ కాదు, వీసీడీ. పాత పెళ్లిళ్లలో చాలా వాటికి ఇచ్చింది వీసీడీలే. డీవీడీ ఆర్‌టీఏవీ అనే ఫోల్డర్ ఉంటే, టీవీ పక్కన పెట్టుకునే రికార్డర్‌లో వీఆర్ మోడ్‌లో రాసినది. ఏమీ కనిపించక ఖాళీ డిస్కు అని చూపిస్తే, కానీ అడుగున చూస్తే రాసిన రంగు కనిపిస్తే, అది ఫైనలైజ్ చేయని, అంటే రాయడం ముగిసిందని గుర్తు వేయని డిస్కు. 8 సెంటీమీటర్ల చిన్న డిస్కు పెట్టుకునే క్యామ్‌కార్డర్లలో ఇది మామూలు. ఆ క్యామ్‌కార్డర్ ఇంకా ఇంట్లో ఉంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ నొక్కితే సరి. లేకపోతే ఐసోబస్టర్ లాంటి డేటా రికవరీ ప్రోగ్రాములు కావాలి.

వీసీడీ సంగతిలో ఒక చిక్కు. అందులోని 352 బై 288 వీడియో డీవీడీ నియమాలకు సరిపోతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కానీ ఆడియో 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీకి 48 కావాలి. ఆ ఒక్కటీ మార్చకుండా ఆథరింగ్ చేస్తే కొన్ని ప్లేయర్లలో మూగబోతుంది, కొన్నిట్లో శబ్దం జారిపోతుంది. ఆడియో మాత్రం మార్చి వీడియో అలాగే ఉంచండి.

సైక్లిక్ రిడండెన్సీ చెక్

అందరికీ ఎదురయ్యే ఎర్రర్ ఇదే. డేటా ఎర్రర్, బ్రాకెట్లో సైక్లిక్ రిడండెన్సీ చెక్. తేలిక మాటల్లో, డ్రైవు ఆ సెక్టారును చదవలేకపోయింది. ష్రింక్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఇది పోదు. సూటిగా డిస్కు నుంచే కుదించబోవడమే అసలు తప్పు. చదవడం వేరు, కుదించడం వేరు, రాయడం వేరు. మూడూ మూడు దఫాల్లో చేయాలి. ముందు ఇమ్‌గ్‌బర్న్ అనే ప్రోగ్రాము రీడ్ మోడ్‌లో డిస్కును ఐఎస్‌ఓగా, అంటే మొత్తం డిస్కును ఒకే ఫైలుగా, హార్డ్ డిస్కులోకి దించుకోండి, ఆ తర్వాతే ష్రింక్.

ఏ శాతం దగ్గర ఆగిందో రాసి పెట్టుకోండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. ప్రతిసారీ ఒకే శాతం దగ్గర ఆగితే లోపం డిస్కులోనే. ఒకసారి 31, ఇంకోసారి 78 అయితే అనుమానించాల్సింది కంప్యూటర్‌ను. వేడి, ర్యామ్, యూఎస్‌బీ డ్రైవుకి చాలని కరెంటు, ఇలాంటివి. డిస్కు లోపలి వలయం నుంచి బయటికి చదువుతుంది కాబట్టి ఒకే పొర ఉన్న డిస్కు 90 దాటాక ఆగితే పాడైంది బయటి అంచు. రెండు పొరల డిస్కు 50 దగ్గర ఆగితే కూడా బయటి అంచే, ఎందుకంటే మొదటి పొర అంచుదాకా వెళ్లి రెండో పొర అక్కడి నుంచి లోపలికి వెనక్కి వస్తుంది. పొర మారే చోటు కూడా అదే.

బయటి అంచు ఎందుకంత తరచుగా పోతుంది? వేళ్ల ముద్రలు ఒక కారణం. రెండోది, డిస్కు నిండా అంటించిన వధూవరుల ఫొటో స్టిక్కర్. కాగితం తడి పీల్చి ఎండి డిస్కును కొంచెం వంచుతుంది, అది ఎక్కడైనా బుడగ కడితే బరువు ఒక పక్కకి పడుతుంది. వేగంగా తిరిగేటప్పుడు అంచు ఊగుతుంది, లేజర్ గురి తప్పుతుంది. స్టిక్కర్ పీకకండి, దాంతో డిస్కు ఇంకా పాడయ్యే ప్రమాదముంది. రీడ్ స్పీడ్ 4ఎక్స్‌కి తగ్గించి చదివించండి, చాలాసార్లు దాంతోనే పని అయిపోతుంది.

ట్యూబులైటు కింద అడుగు భాగాన్ని వాల్చి చూస్తే గీతలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మధ్య నుంచి అంచుకు పోయే గీత అంత ప్రమాదం కాదు, లేజర్ దాన్ని అడ్డంగా ఒక్క క్షణంలో దాటేస్తుంది, పోయిన బిట్లను డిస్కులోని దిద్దుబాటు కోడ్ పూరిస్తుంది. వలయంలా చుట్టూ పోయే గీతే గండం, వరసగా ఎన్నో సెక్టార్లు పోతాయి. అందుకే తుడిచేటప్పుడు కూడా మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా కాదు. పాత మెత్తని పంచె గుడ్డ, రెండు చుక్కల నీళ్లు చాలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలిస్తే డిస్కు మసకబారిపోతుంది.

అప్పటికీ చదవకపోతే వేరే డ్రైవులో పెట్టండి. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే పలచటి యూఎస్‌బీ డ్రైవుకన్నా పాత డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డ్రైవు మొండిగా చదువుతుంది. ఆఖరి అస్త్రం లినక్స్‌లోని డీడీరెస్క్యూ. బ్లాక్ సైజు 2,048 ఇచ్చి, మొదటిసారి చెడ్డ చోట్లను వదిలేస్తూ చదివించండి. రెండోసారి అదే మ్యాప్ ఫైలుతో ఆ చోట్లను మాత్రం మూడేసిసార్లు ప్రయత్నించమనండి. మ్యాప్ ఫైలు ఉంటే మధ్యలో ఆపి డిస్కును ఇంకో డ్రైవులోకి మార్చినా మిగిలిన చోటు నుంచే సాగుతుంది. చివరికి రెండు మూడు సెక్టార్లు దక్కకపోయినా అది అర సెకను బొమ్మ. ష్రింక్ ఆ కంత దగ్గర ఆగిపోతే రీఆథర్ మోడ్‌లో (దీని సంగతి కింద వస్తుంది) అదే టైటిల్‌ను రెండుసార్లు వేసి, ఒకదాన్ని కంత ముందు ముగించి, రెండోదాన్ని కంత తర్వాత మొదలుపెట్టండి.

ఇన్‌వాలిడ్ నావిగేషన్ స్ట్రక్చర్

ఇది నిజంగా ష్రింక్ గుణం. డీవీడీ వీడియోలో అర సెకనుకో సెకనుకో ఒక న్యావ్ ప్యాక్ ఉంటుంది, ముందుకీ వెనక్కీ దారి చూపే సైనుబోర్డు లాంటిది. ఐఎఫ్‌ఓ ఫైళ్లలో వాటన్నిటి చిట్టా. చిట్టా, బోర్డులు ఒకదానితో ఒకటి పొసగకపోతే ప్లేయర్లు సర్దుకుపోతాయి, వీఎల్‌సీ అసలు పట్టించుకోదు. ష్రింక్ మాత్రం తెరిచేటప్పుడే లెక్కలు సరిచూసి చేతులెత్తేస్తుంది. ఇంట్లో ప్లేయర్‌లో బంగారంలా ఆడే డిస్కును ఇది తిప్పికొట్టడానికి కారణం అదే.

దాటే దారులు తేలికైనవాటి నుంచి చెప్తాను. ప్రతి ఐఎఫ్‌ఓకీ బీయూపీ అనే నకలు పక్కనే ఉంటుంది, రెండూ అచ్చంగా ఒకటే. ఐఎఫ్‌ఓ ఉన్న చోట డిస్కు పాడైతే, హార్డ్ డిస్కులోకి దించిన ఫోల్డర్‌లో బీయూపీని కాపీ చేసి పేరు చివర ఐఎఫ్‌ఓ పెట్టి చూడండి. నిమిషం పని. కుదరకపోతే ఐఎఫ్‌ఓఎడిట్ అనే ప్రోగ్రాములో తెరిచి గెట్ వీటీఎస్ సెక్టార్స్ నొక్కండి, అంకెలు సరిచేసి సేవ్ చేస్తుంది. అదీ కుదరకపోతే ఫిక్స్‌వీటీఎస్. అది వీఓబీలోని చెత్త తీసేసి న్యావ్ ప్యాక్‌లను మళ్లీ వరస చేస్తుంది. అన్నీ విఫలమైతే పాత నిర్మాణాన్ని వదిలేసి వీఓబీలను డీవీడీస్టైలర్‌కి ఇచ్చి కొత్తగా ఆథరింగ్ చేయించడమే. మెనూ పోతుంది, గులాబీలు ఎగిరే ఆ మెనూ పోయినందుకు బాధపడే వాళ్లు తక్కువే.

చోటు, ఫోల్డర్, అనుమతులు

రెండు పొరల డిస్కు నకలుకి 8 జీబీ, కుదించినదానికి 4.4, దాన్ని ఐఎస్‌ఓ చేస్తే ఇంకో 4.4. 20 జీబీ ఖాళీ ఉంచుకుంటే మాట రాదు. పెన్‌డ్రైవ్‌లోకో పాత పోర్టబుల్ డిస్కులోకో నేరుగా ఐఎస్‌ఓ రాయిస్తే 4 జీబీ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఫ్యాట్32లో ఒక్క ఫైలు అంతకు మించదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్నచోట రాయించండి, లేకపోతే ఐఎస్‌ఓ బదులు ఫోల్డర్‌గా తీసుకోండి. వీఓబీలు ఒక్కోటి 1 జీబీకి మించవు కాబట్టి అది పట్టేస్తుంది.

యాక్సెస్ డినైడ్ వస్తే విండోస్ సెక్యూరిటీలో ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. డాక్యుమెంట్స్, వీడియోస్ ఫోల్డర్లలో ఇలాంటి పాత ప్రోగ్రాములను రాయనివ్వదు. సీ లేదా డీ డ్రైవు మొదట్లోనే చిన్న ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుంటే గొడవ ఉండదు. ఫోల్డర్‌కి తెలుగులో పేరు పెట్టడం, ఖాళీలు వదలడం ఈ తరం సాఫ్ట్‌వేర్లకు పడదు. కుదిస్తుండగా ఉన్నట్టుండి మూసుకుపోతుంటే ప్రోగ్రెస్ డబ్బాలో వీడియో ప్రివ్యూ టిక్ తీసేసి మళ్లీ నడపండి.

రెండు డిస్కులు ఒకటిగా

రీఆథర్ మోడ్ ఈ సాఫ్ట్‌వేర్‌కి ప్రాణం. రెండు డిస్కుల్నీ ముందే హార్డ్ డిస్కులోకి దించుకోవాలి. మొదటిదాన్ని తెరిచి, రీఆథర్ నొక్కి, కుడివైపు నుంచి టైటిల్‌ను ఎడమవైపుకి లాగండి. తర్వాత కుడివైపు పైన ఉన్న జాబితాలోంచి రెండో ఫోల్డర్‌ను ఎంచుకుని దాని టైటిల్ కూడా లాగండి.

ఇక్కడ పనితనం అంతా ఒక్కో టైటిల్‌కి వేరే కుదింపు ఇవ్వడంలో ఉంది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా నో కంప్రెషన్ ఇవ్వండి. స్టేజీ ఎక్కి ఒక్కొక్కరూ దండలు, కవర్లు ఇచ్చి ఫొటో దిగే ఆ గంటన్నర రిసెప్షన్‌ను గట్టిగా పిండండి. అక్కడ కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది, వెనక సెట్టింగూ కదలదు, 60 శాతంలో కూడా తేడా కనిపించదు. అదే టైటిల్‌లో రెండూ ఉంటే దాన్ని రెండుసార్లు లాగి మొదలు, చివర ఫ్రేములు వేర్వేరుగా పెట్టండి. కోత సరిగ్గా మీరన్న ఫ్రేము దగ్గర పడదు, దగ్గర్లోని ఫ్రేముల గుంపు మొదట్లో పడుతుంది, అర సెకను అటూ ఇటూ అవుతుంది. మంగళసూత్రం పట్టుకున్న క్షణానికి ఆనించి కోయకండి.

పైన ఉన్న పచ్చ పట్టీ చివర ఎర్రబడితే, ఎంత పిండినా పట్టదని అర్థం. ఇక కోయడమే దారి.

రాసేటప్పుడు

డీవీడీ ప్లస్ ఆర్‌లో పట్టేది 4,700,372,992 బైట్లు, మైనస్ ఆర్‌లో 4,707,319,808. విండోస్ లెక్కలో రెండూ 4,480 ఎంబీ చిల్లర. అంచుదాకా నింపకండి. ప్రిఫరెన్సెస్‌లో టార్గెట్ సైజుకి కస్టమ్ ఎంచుకుని 4,300 పెట్టండి. పాత ప్లేయర్లు ఆఖరి వలయాల దగ్గరే తడబడతాయి, అప్పగింతల దగ్గర బొమ్మ బిగుసుకుపోయిందనే ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది.

రాయడానికి ఇమ్‌గ్‌బర్న్ చాలు. ఆఖరి వెర్షన్ 2.5.8.0, 2013ది. ఇన్‌స్టాలర్ వెంట వేరే ప్రోగ్రాములు అంటగట్టే ప్రయత్నం జరుగుతుంది, ప్రతి స్క్రీన్ చదివి టిక్కులు తీసేయండి. బిల్డ్ మోడ్‌లో వీడియో టీఎస్ ఫోల్డర్ ఇచ్చి, ఫైల్ సిస్టమ్ ఐఎస్‌ఓ9660 ప్లస్ యూడీఎఫ్, యూడీఎఫ్ 1.02 ఉండేలా చూడండి. విండోస్‌లోని డ్రాగ్ అండ్ డ్రాప్‌తో రాసిన డిస్కు కంప్యూటర్‌లో ఆడి ప్లేయర్‌లో ఆడకపోవడానికి కారణం ఈ అంకె తేడాయే కావొచ్చు. 16ఎక్స్ డిస్కును 8ఎక్స్‌లో రాయండి. 1ఎక్స్‌లో రాస్తే ఇంకా బాగా పడుతుందన్నది పాతకాలపు నమ్మకం, ఇప్పటి డిస్కుల రంగు ఆ వేగానికి తయారైంది కాదు.

పవర్ క్యాలిబ్రేషన్ ఎర్రర్ వస్తే అది డ్రైవుకీ ఆ బ్యాచ్ డిస్కుకీ మధ్య పొసగకపోవడం. వేగం మార్చి చూసి, ఆ తర్వాత కంపెనీ మార్చి చూడండి. సెమఫోర్ టైమవుట్ అంటే కేబుల్ సంగతి. యూఎస్‌బీ డ్రైవును హబ్ మీంచి తీసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో గుచ్చండి.

ఖాళీ డిస్కుల సంగతి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అడిగితే "ఉన్నయ్ సార్, గానీ పాత స్టాక్" అనే జవాబు ఎదురైతే ఆశ్చర్యపోకండి. మన దేశంలో పెద్ద తయారీదారు మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది. డబ్బా మీద పేరు చూసి మోసపోవద్దు. డిస్కు డ్రైవులో పెట్టి ఇమ్‌గ్‌బర్న్ కుడివైపు పట్టీలో మీడియా ఐడీ చూస్తే అసలు ఎవరు చేశారో తెలుస్తుంది. 50 డిస్కుల డబ్బా కొనేముందు నాలుగు విడివి కొని రాసి చూడటం మేలు. ప్లస్ ఆర్ డిస్కు "అన్నా, మా ఇంట్ల ప్లేయర్‌ల ఎక్కుతలేదు" అని తిరిగొస్తే, ఇమ్‌గ్‌బర్న్‌లో బుక్ టైప్‌ను (తానే రకం డిస్కో ప్లేయర్‌కి చెప్పే గుర్తును) డీవీడీ-రోమ్ (DVD-ROM)గా మార్చి ఇంకోటి రాసివ్వండి. డ్రైవు ఆ మార్పుకి ఒప్పుకుంటే చాలా పాత ప్లేయర్లు దారికొస్తాయి.

ఎవరికి, ఎవరికి కాదు

ఇంట్లో ప్లేయర్ లేదు, టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చి చూస్తాం అనేవాళ్లకి ష్రింక్‌తో పని లేదు. అదే ఐఎస్‌ఓను హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాముకి ఇచ్చి ఎంపీ4 చేసుకోండి. ఒక్క జాగ్రత్త, పెళ్లి వీడియో చాలావరకు ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమూ వరస విడిచి వరసగా రెండు సగాలుగా ఉంటుంది. డీఇంటర్‌లేస్ పెట్టకపోతే కదిలే చేతి అంచుల మీద దువ్వెన పళ్లలా గీతలు పడతాయి. డిస్కే కావాలనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, లేదా స్టూడియోకి రోజూ ఇలాంటి డిస్కులొస్తుంటే, ష్రింక్‌కి ఇప్పటికీ పోటీ లేదు. ఆడియో కుదించలేకపోవడానికి ఒక మార్కు, నావిగేషన్ దగ్గర మొండితనానికి అర మార్కు కోసి, 5కి 3.5 ఇవ్వొచ్చు.

రాసిన ప్రతి డిస్కుకీ ఇమ్‌గ్‌బర్న్ వెరిఫై పూర్తయ్యేదాకా హార్డ్ డిస్కులోని ఫోల్డర్ తీసేయకండి. అడుగు భాగం చూస్తే రాసిన రంగు అంచుదాకా పోకుండా కాస్త ఇవతలే ఆగిపోవాలి.